తొందరపడని చేప, తొందరపడకూడని మనిషి

ప్రాణమున్న జీవిని ఇంటికి తెచ్చుకునే అభిరుచి కాలక్షేపంగా మొదలైనా చాలా త్వరగా మనిషి స్వభావానికి పరీక్షగా మారుతుంది. ఎందుకంటే చదువుతున్న పుస్తకాన్ని సగంలో మూసివేయవచ్చు, సంగీత సాధనను నెల రోజులు వాయిదా వేయవచ్చు గాని, ఆకలి, భయం, ఊపిరి ఉన్న ప్రాణి యజమాని తీరిక కోసం ఆగదు. అక్వేరియం దుకాణాల్లో నారింజ రంగు ఒంటిపై మూడు తెల్లని పట్టీలతో పిల్లలను ఇట్టే ఆకట్టుకునే క్లౌన్ ఫిష్ విషయంలో ఈ మాట మరింత నిజం. ఆ చేప బతుకంతా ఎదురుచూపు మీద, నిగ్రహం మీద నడుస్తుంది. దాన్ని పెంచేవారికి కూడా ఆ రెండు గుణాలే ముందుగా కావాలి. సముద్రానికి 150 కిలోమీటర్లకు పైగా దూరంలో, వేసవిలో 45 డిగ్రీల ఎండ కాసే కొత్తగూడెంలో ఈ చేపను పెంచాలనుకునే కుటుంబం ఏమి తెలుసుకోవాలో, ఏమి సమకూర్చుకోవాలో, ఎలాంటి పరిస్థితుల్లో ఆ ఆలోచనను మానుకోవాలో ఈ అధ్యాయం వివరిస్తుంది.

క్లౌన్ ఫిష్ అన్నది ఒక్క చేప పేరు కాదు. పోమాసెంట్రిడే కుటుంబానికి చెంది, సీ అనిమోన్ల మధ్య కాపురముండే సుమారు 30 జాతుల చేపలన్నిటికీ ఆ పేరే వాడుకలో ఉంది. సీ అనిమోన్ అంటే రాతికో ఇసుకకో అతుక్కుని, నోటి చుట్టూ మెత్తని వేళ్ల వంటి స్పర్శకాలను చాపుకుని, చూపులకు పువ్వులా కనిపించే జంతువు. ఆ స్పర్శకాల నిండా, తగిలిన మరుక్షణం విషపు దారాన్ని విసిరే సూక్ష్మమైన కుట్టు కణాలు ఉంటాయి. ఇళ్లలో ఎక్కువగా పెంచే జాతి ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త క్యువియే 1830లో వర్ణించిన ఈ చేప గరిష్ఠంగా 11 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఆగ్నేయాసియా సముద్రాల్లోనే కాక, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అండమాన్ దీవుల పగడపు దిబ్బల్లో కూడా ఇది సహజంగా బతుకుతుంది. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో దీనికి దగ్గరి బంధువైన సెబే అనే జాతి కనిపిస్తుంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అనే యానిమేషన్ చిత్రం తర్వాత సముద్రం ముఖం చూడని పిల్లలకు కూడా ఈ చేప పరిచయమైపోయింది. అయితే ఆ పరిచయం రంగుకు, ముద్దుతనానికి మాత్రమే పరిమితం కావడం వల్ల దాని అసలు జీవితం గురించి దుకాణంలో అడిగేవారు, చెప్పేవారు ఇద్దరూ అరుదే.

వంతు కోసం ఆగే జీవితం

ఇతర చిన్న చేపలను చంపగల అనిమోన్ క్లౌన్ ఫిష్‌ను ఎందుకు కుట్టదన్న ప్రశ్న, 1868లో కాలింగ్‌వుడ్ అనే ఆంగ్ల ప్రకృతి పరిశీలకుడు ఈ సహవాసాన్ని గురించి రాసిన నాటి నుంచి శాస్త్రవేత్తలను వెంటాడుతూ వచ్చింది. ఇటీవలి పరిశోధనలు చూపుతున్న ప్రధాన కారణం ఆ చేప ఒంటి మీది జిగురు పొర. చేపల జిగురులో సాధారణంగా ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర జాతి పదార్థం కుట్టు కణాలకు ఒక సంకేతంలా పనిచేస్తుందని, క్లౌన్ ఫిష్ జిగురులో అది చాలా తక్కువగా ఉండడం వల్ల ఆ కణాలు అంతగా రెచ్చిపోవని పరిశోధకులు భావిస్తున్నారు. కొన్ని జాతుల్లో చేప కొత్త అనిమోన్‌లోకి ఒక్కసారిగా దూరదు. మొదట తోక కొసను, తర్వాత పొట్ట అడుగు భాగాన్ని స్పర్శకాలకు తాకించి వెనక్కు తగ్గుతూ, మళ్లీ ముందుకు వస్తూ, కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా ఆ తంతు సాగించి, చివరికి ఒళ్లంతా లోపలికి చేరుస్తుంది. ఈ కాపురంలో లాభం ఒక వైపే ఉండదు: చేప విసర్జించే అమ్మోనియా అనిమోన్ శరీరంలో నివసించే సూక్ష్మ శైవలాలకు ఎరువుగా ఉపయోగపడుతుంది, రాత్రివేళ చేప రెక్కలాడించడం వల్ల అనిమోన్ చుట్టూ నీరు కదిలి ప్రాణవాయువు అందుతుంది, అనిమోన్‌ను కొరుక్కుతినే సీతాకోక చేపలను క్లౌన్ ఫిష్ తరిమికొడుతుంది.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఒక అనిమోన్‌లో ఉండే చేపల మధ్య అమరిక. అందరికంటే పెద్దది ఆడ చేప, దాని తర్వాతది మగ చేప. ఈ రెండే సంతానాన్ని కంటాయి. వాటి కింద వరుసగా తగ్గుతూ వచ్చే పరిమాణాల్లో మరికొన్ని చేపలు ఉంటాయి గాని, వాటికి సంతాన యోగం లేదు. క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగా ఎదగగల స్థితిలోనే జీవితం మొదలుపెట్టి, అవసరమైనప్పుడు మాత్రమే ఆడవిగా మారతాయి. ఆడ చేప చనిపోతే, అప్పటిదాకా మగదిగా ఉన్న రెండో చేప కొద్ది వారాల నుంచి కొన్ని నెలల వ్యవధిలో ఆడదిగా మారుతుంది. వరుసలో మూడోది ఎదిగి మగ చేప స్థానాన్ని అందుకుంటుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే అనే జర్మన్ పరిశోధకులు 1977లో ‘నేచర్’ పత్రికలో ఈ మార్పును వివరిస్తూ, పై చేప పెత్తనమే కింది చేపలు ఆడవిగా మారకుండా అదుపులో ఉంచుతోందని చూపారు. ఈ లెక్కన ‘ఫైండింగ్ నీమో’ కథ సముద్రంలో జరిగి ఉంటే, తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్ల చేప తండ్రి కొంతకాలానికి ఆడ చేప అయ్యేది.

పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీ తీరంలో పెర్క్యులా జాతి క్లౌన్ ఫిష్‌ను పరిశీలించి 2003లో వెల్లడించిన విషయం ఈ అధ్యాయానికి మరింత దగ్గరిది. వరుసలో ఉన్న ప్రతి చేపా తన పైనున్న చేప పొడవులో సుమారు 80 శాతం దగ్గర తన ఎదుగుదలను తానే ఆపుకుంటుంది. తిండి దొరకక అది చిన్నగా ఉండిపోవడం లేదు. పై చేపకు పోటీగా కనిపించేంత పెద్దదైతే అనిమోన్ నుంచి గెంటివేత తప్పదు, ఆ నీడ వదిలి బయటికి వెళ్లిన చిన్న చేపను వేటాడే చేపలు బతకనివ్వవు. పైన ఒక స్థానం ఖాళీ అయిన వెంటనే, ఏళ్ల తరబడి ఆగిన చేప మళ్లీ ఎదగడం మొదలుపెడుతుంది. కింది చేప తన లొంగుబాటును తెలపడానికి పై చేప ఎదుట ఒక పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తుంది. పై చేప దవడలను వేగంగా మూసి, పళ్లు తగిలేలా టకటక శబ్దం చేసి హెచ్చరిస్తుంది. జపాన్‌లోని ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు ఒసెల్లారిస్ చేపలు ఎదుటి చేప ఒంటి మీది తెల్ల పట్టీల సంఖ్యను కూడా గమనిస్తాయని, తమలాగే మూడు పట్టీలున్న చేప మీద ఎక్కువ కోపం చూపుతాయని 2024లో ప్రకటించారు.

ఈ అమరికను మనుషుల ఆఫీసులకో కుటుంబాలకో ఆదర్శంగా చూపడం పొరపాటు. చేప నిగ్రహం ప్రాణభయం నుంచి పుట్టింది; పై అధికారి ఎదుట వణుకుతూ తన ఎదుగుదలను తానే తొక్కిపెట్టుకునే మనిషి వినయవంతుడు కాడు, అణగారినవాడు. ఆ చేపల ప్రవర్తన నుంచి పెంపకందారు గ్రహించవలసినది వేరే ఉంది: ఈ ప్రాణి తన చోటును, తన తోడును, తన స్థానాన్ని తెలుసుకోవడానికి తనదైన సమయం తీసుకుంటుంది గనుక దాని లెక్కను గౌరవించని తొట్టిలో అది బతకలేదు.

గుడ్ల సంరక్షణలో ఈ నిగ్రహం మరో రూపంలో కనిపిస్తుంది. జత చేపలు అనిమోన్ మొదట్లో ఉన్న రాతిని నోటితో తుడిచి శుభ్రం చేశాక, ఆడ చేప అక్కడ కొన్ని వందల నారింజ రంగు గుడ్లను అతికిస్తుంది. ఆ తర్వాతి పని దాదాపుగా మగ చేపదే. రెక్కలతో విసురుతూ గుడ్ల మీదుగా నీటిని ఆడించడం, చెడిపోయిన గుడ్లను నోటితో ఏరివేయడం, దగ్గరికొచ్చిన దేన్నయినా, ఈదే మనిషి చేతినైనా సరే, కరవబోవడం దాని దినచర్య. నీటి వేడిని బట్టి ఆరు నుంచి పది రోజులకు, చీకటి పడిన తర్వాత గుడ్లు చిట్లి పిల్లలు బయటికి వస్తాయి. అప్పటికే లోపలి పిల్లల కళ్లు వెండి చుక్కల్లా మెరుస్తూ కనిపిస్తాయి. బయటికొచ్చిన పిల్లలు కొన్ని మిల్లీమీటర్ల పొడవుతో సుమారు పది రోజులు ప్రవాహంలో తేలి, బతికి బట్టకట్టినవి ఏదో ఒక అనిమోన్‌ను వెతుక్కుని వరుసలో చిట్టచివరి స్థానంలో చేరతాయి.

చేప కంటే ముందు నీరు

ఇంత చదివిన తర్వాత కూడా ఈ చేపను పెంచాలన్న కోరిక మిగిలిన కుటుంబం మొదట కొనవలసినది చేపను కాదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా సుమారు 160 లీటర్ల నీరు పడుతుంది. ఒక జతకు ఇది తృప్తికరమైన చోటు. నీటితో, రాళ్లతో, స్టాండుతో కలిపి రెండు క్వింటాళ్లకు పైగా బరువు వస్తుంది గనుక పాత కర్ర బల్ల మీద, గోడకు కొట్టిన షెల్ఫు మీద దీన్ని పెట్టకూడదు. ఎండ నేరుగా పడే కిటికీకి, వంటగదికి దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గోడ పక్కన పెట్టడం మంచిది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో సోడియం, క్లోరైడ్‌లతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు వంటివి నిర్ణీత పాళ్లలో కలిసి ఉంటాయి గనుక వంటింటి ఉప్పు ఎంత కలిపినా సముద్రపు నీరు తయారు కాదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే సముద్ర లవణ మిశ్రమాన్నే వాడాలి. 160 లీటర్లకు ఐదున్నర కిలోలకు పైగా మిశ్రమం పడుతుంది. దాన్ని కలిపే నీరు ఎంత శుద్ధంగా ఉంటే అంత మేలు. కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో గాఢమైన ఖనిజాలు, నైట్రేట్లు ఉండవచ్చు కాబట్టి ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చిన నీటినే, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూసి వాడాలి. వాటర్ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్‌ను కూడా కొలవకుండా నమ్మకూడదు. కలిపిన నీటిని పంపుతో ఒక రోజంతా ఆడించి, సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య, పీహెచ్ 8.0 నుంచి 8.4 మధ్య ఉన్నట్టు తేలాకే తొట్టిలో పోయాలి. సాంద్రత కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే చేతి పరికరం ఉంటుంది. గాజు పలక మీద ఒక చుక్క నీరు వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపలి గీత మీద అంకె కనబడుతుంది. ఈ అభిరుచిలో డబ్బు ఆదా చేయకూడని వస్తువు ఏదైనా ఉందంటే అది ఇదే.

నీరు సిద్ధమైనా తొట్టి సిద్ధమైనట్టు కాదు. చేప మొప్పల ద్వారా, మలం ద్వారా వదిలే అమ్మోనియా, తినకుండా మిగిలిన మేత కుళ్లి పుట్టించే అమ్మోనియా చేపకే విషం. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టరులో స్థిరపడే ఒక రకం సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, అది కూడా విషమే. మరో రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ను చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు సైన్యాలూ తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలమంతా చేపలు లేని తొట్టిలో చిటికెడు మేత వేస్తూ, పరీక్ష కిట్‌తో కొలుస్తూ, అమ్మోనియా పెరిగి తగ్గడం, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం గమనిస్తూ గడపాలి. కొత్తగూడెం వంటి బొగ్గు గనుల ప్రాంతంలో ఈ క్రమశిక్షణను కొత్తగా నేర్పవలసిన పని లేదు: భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్ ముందుగా పనిస్థలానికి వెళ్లి, పైకప్పును, మీథేన్ వాయువును పరీక్షించి, చోటు భద్రమని తేల్చిన తర్వాతే కార్మికులు పనిలోకి దిగుతారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా కొన్ని రోజులు సున్నా చూపేదాకా ఆ తొట్టిలోకి ఏ ప్రాణీ దిగకూడదు. కొత్త తొట్టిలో పెట్టిన చేపలు మొదటి నెలలోనే చనిపోయాయని బాధపడే కుటుంబాల్లో చాలా భాగం ఈ నిరీక్షణను దాటవేసినవే.

తొట్టి అలంకారానికి పగడపు రాళ్లు కావాలని దుకాణదారు ఒత్తిడి చేస్తే ఒప్పుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు పగడాలకు 2001 నుంచి పూర్తి రక్షణ ఉంది. సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అక్వేరియం కోసం తయారుచేసిన పింగాణీ రాళ్లు, శుభ్రమైన పొడి సున్నపు రాళ్లు సూక్ష్మజీవులకు అంతే చక్కటి నివాసమవుతాయి.

మే నెల అనే పరీక్ష

కొత్తగూడెంలో ఈ చేపకు అసలు శత్రువు సముద్రపు దూరం కాదు, ఎండ. ఒసెల్లారిస్‌కు 25 నుంచి 28 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. 30 దాటితే ఒత్తిడి మొదలవుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, అదే సమయంలో చేపకు ప్రాణవాయువు అవసరం ఎక్కువవుతుంది. ఈ రెండూ కలిసి చేప నీటి పైభాగానికి వచ్చి వేగంగా మొప్పలాడిస్తూ కనబడుతుంది. సముద్రంలోని క్లౌన్ ఫిష్‌లను సైతం వేడి వదలడం లేదు: పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో 2023లో సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కిన కాలంలో 134 పెర్క్యులా చేపలను నెల నెలా కొలిచిన పరిశోధకులు, వాటిలో ఎక్కువ భాగం కొద్దిపాటి పొడవు తగ్గాయని 2025లో ప్రకటించారు. బరువు తగ్గడం కాదు, నిలువునా పొట్టి కావడం. అనిమోన్‌కు, పగడపు దిబ్బకు పట్టిన కష్టం ఆ చేప ఒంటి దాకా పాకిందన్న మాట.

తొట్టి నీటిని చల్లబరచడానికి ఉన్న చవకైన మార్గం నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పడం. ఒక లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది; 160 లీటర్ల నీటిని మూడున్నర డిగ్రీలు చల్లార్చడానికి ఆ వేడి చాలు. మే నెలలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది గాని, తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక ఆవిరి తగ్గి ఫలితం పడిపోతుంది. పైగా గది వేడే 40కి దగ్గరైనప్పుడు ఫ్యాను ఒక్కటే సరిపోదు. అటువంటి ఇళ్లలో తొట్టి ఉన్న గదికి ఏసీ గాని, నీటిని నేరుగా చల్లబరిచే చిల్లర్ యంత్రం గాని తప్పనిసరి. ఆ ఖర్చును, దానితో వచ్చే కరెంటు బిల్లును చేప కొనకముందే లెక్క వేసుకోవాలి.

ఫ్యాను వాడే ఇళ్లలో ఒక తప్పు పదే పదే జరుగుతుంది. తొట్టిలో నీరు తగ్గడం చూసి, అది సముద్రపు తొట్టి గదా అని ఉప్పు కలిపిన నీటితోనే నింపుతారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. రోజుకు మూడు లీటర్ల చొప్పున ఆవిరైతే వారానికి 21 లీటర్లు తగ్గి, లీటరుకు 35 గ్రాములున్న లవణం 40 గ్రాములకు చేరుతుంది; ఆ ఖాళీని మళ్లీ ఉప్పునీటితో నింపితే ఆ పెరుగుదల శాశ్వతమై వారం వారం పేరుకుపోతుంది. అందువల్ల తగ్గిన నీటిని ప్రతిరోజూ శుద్ధమైన మంచినీటితోనే, కొద్దికొద్దిగా భర్తీ చేయాలి. ఉప్పునీరు వాడవలసినది వారానికో పది రోజులకో పదవ వంతు పాత నీటిని తీసి కొత్త నీరు పోసేటప్పుడు మాత్రమే. తొట్టి గాజు మీద మార్కరుతో నీటిమట్టం గీత గీసి, ఇంట్లో ఎవరు నింపినా ఆ గీత దాకా నింపే అలవాటు చేస్తే సగం సమస్య తీరిపోతుంది.

కరెంటు పోయినప్పుడు పనికొచ్చేది బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో నీటిని తిప్పే పంపును దానికి కలపాలి. దీపం లేకపోయినా చేప బతుకుతుంది, నీటి కదలిక లేకపోతే బతకదు. మరీ వేడెక్కిన సందర్భంలో గడ్డకట్టిన నీటి సీసాను మూత బిగించి తొట్టిలో తేల్చవచ్చు గాని, గంటకు ఒక డిగ్రీకి మించి తగ్గకుండా చూసుకోవాలి, ఐసు ముక్కలను నేరుగా వేయకూడదు. తొట్టి మీద గాజు మూతకు బదులు సన్నని వల అమర్చితే ఆవిరి ఆగదు, చేప బయటికి ఎగిరి పడదు. ఓపెన్‌కాస్ట్ గనులకు, బొగ్గు లారీలు తిరిగే రోడ్లకు దగ్గరి ఇళ్లలో నీటి మీద చేరే సన్నని దుమ్ము పొరను రోజూ పాత కాగితంతో తేల్చి తీసివేయాలి. దోమల మందు స్ప్రేలలో ఉండే పైరిథ్రాయిడ్లు చేపలకు తీవ్రమైన విషం. గాలి పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుంది కాబట్టి తొట్టి ఉన్న గదిలో ఆ స్ప్రేలను పూర్తిగా మానుకోవడమే దారి.

జత రాక

కొనవలసినది సముద్రంలో పట్టినవాటిని కాదు, హేచరీలో పుట్టి పెరిగిన పిల్లలను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేరళలోని విళింజంలో, తమిళనాడులోని మండపంలో క్లౌన్ ఫిష్ సంతానోత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేసిన తర్వాత, పగడపు దిబ్బలను ముట్టుకోకుండానే ఈ చేపను పొందే వీలు మన దేశంలోనే ఏర్పడింది. హేచరీ చేపలు తొట్టి నీటికి, గుళికల మేతకు పుట్టుక నుంచే అలవాటు పడి ఉంటాయి. సముద్రంలో పట్టిన చేపలు దారిలోనే నీరసించి, రోగాలు మోసుకొస్తాయి. ఎక్కడ పుట్టిందో చెప్పలేని దుకాణంలో కొనకుండా వెనక్కు రావడం ఈ అభిరుచిలో మొదటి నిగ్రహం. హైదరాబాద్ నుంచి తెచ్చేవారు వేసవిలో పగటి ప్రయాణం మానుకుని, సికింద్రాబాద్ నుంచి కొత్తగూడెం స్టేషనైన భద్రాచలం రోడ్డుకు వచ్చే రాత్రి బండిలో, ప్రాణవాయువు నింపిన సంచిని థర్మకోల్ పెట్టెలో పెట్టి తేవడం క్షేమం. ఇంటికి రాగానే సంచిలోని చేపను తొట్టిలోకి వదలకుండా, సన్నని గొట్టం ద్వారా తొట్టి నీటిని చుక్క చుక్కగా సంచి నీటిలో కలుపుతూ గంట సేపు అలవాటు చేయాలి.

రెండు పిల్ల చేపలను, ఒకటి స్పష్టంగా పెద్దది, మరొకటి చిన్నది ఉండేలా, ఒకేసారి తెచ్చుకోవాలి. పైన వివరించిన వరుస ఇక్కడ ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగిపోతుంది: పెద్దది క్రమంగా ఆడదవుతుంది, చిన్నది మగదిగా నిలుస్తుంది. చిన్న చేప పక్కకు ఒరిగి వణకడం చూసి జబ్బు చేసిందని మందులు పోయడం చాలామంది చేసే పొరపాటు. అది లొంగుబాటు సంజ్ఞ, జత కుదురుతోందనడానికి గుర్తు. మూడోది తెచ్చి కలపడం, ఎదిగిన రెండు ఆడ చేపలను ఒకే తొట్టిలో పెట్టడం మాత్రం క్రూరత్వమే. సముద్రంలో ఓడిన చేపకు పారిపోయే దారి అయినా ఉంటుంది, తొట్టిలో అది కూడా ఉండదు.

అనిమోన్ లేకుండా క్లౌన్ ఫిష్ బతకదన్నది అపోహ. వేటాడే చేపలు లేని తొట్టిలో దానికి ఆ కాపలా అవసరం లేదు. ఏ రాతి సందునో, పంపు మూలనో తన చోటుగా ఎంచుకుని అక్కడే నిద్రపోతుంది. అనిమోన్‌కు మాత్రం బలమైన వెలుతురు, ఏ మాత్రం మార్పు లేని నీరు కావాలి, తొట్టి కనీసం ఏడాది పాతదై ఉండాలి. మొదటి ఏడాదిలో దాన్ని కొనడమంటే ఆ జంతువును చంపడానికి డబ్బు చెల్లించడమే.

మేత విషయంలో చెప్పవలసింది కొద్దిదే: రెండు నిమిషాల్లో తినేయగలిగినంత, రోజుకు రెండు పూటలు, సముద్ర చేపల గుళికలు, మధ్య మధ్య గడ్డకట్టించిన ఆర్టీమియా అనే చిన్న రొయ్య జాతి జీవులు. అయితే గని ఉద్యోగంలో వారం వారం షిఫ్టులు మారే ఇంట్లో ఈ కొద్దిపాటి నియమమే కష్టం. మొదటి షిఫ్టు వారంలో ఒక వేళ, నైట్ షిఫ్టు వారంలో మరో వేళ దీపం వేసి మేత వేస్తే చేప దినచర్య చెదిరిపోతుంది. దీపాన్ని రోజుకు తొమ్మిది గంటలు వెలిగి ఆరేలా టైమరుకు కలిపి, మేత బాధ్యతను ఇంట్లో ఉండే ఒక్కరికే అప్పగించాలి. ఇద్దరు వేస్తే రెండింతలు పడుతుంది, ఎవరికి వారు మరొకరు వేశారనుకుంటే అసలే పడదు.

కొత్త చేపను ప్రధాన తొట్టిలో కలిపే ముందు ఇసుక, రాళ్లు లేని చిన్న తొట్టిలో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి చూడాలి. ఈ జాతికి ముఖ్యంగా సోకే బ్రూక్లినెల్లా అనే ఏకకణ పరాన్నజీవి ఒంటి నుంచి తెల్లని జిగురు పొరలుగా ఊడేలా చేసి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. రాగి కలిసిన మందులను ప్రధాన తొట్టిలో ఎన్నడూ పోయకూడదు. రాళ్లలో ఇంకిన రాగి తర్వాత పెట్టే రొయ్యలను, అనిమోన్లను చంపుతుంది.

ఆడ చేప ఏడాది రెండేళ్లకు గుడ్లు పెట్టడం మొదలుపెట్టవచ్చు. మగ చేప వాటిని కాచే దృశ్యం, పిల్లలకు జీవశాస్త్రం చెప్పడానికి ఏ పాఠ్యపుస్తకానికీ అందని అవకాశం. రోటిఫర్ అనే సూక్ష్మ జీవులను పెంచి పిల్ల చేపలకు మేపే ఏర్పాటు లేని ఇంట్లో అవి బతకవన్న నిజాన్ని కూడా పిల్లలకు అప్పుడే చెప్పాలి.

చివరిగా తూచవలసినది కాలం. ముందు చెప్పిన బస్టన్, మరో శాస్త్రవేత్త గార్సియాతో కలిసి 2007లో వేసిన అంచనా ప్రకారం సముద్రంలో పెర్క్యులా జాతి ఆడ చేప ముప్పై ఏళ్ల దాకా బతకగలదు. చక్కగా చూసుకున్న తొట్టిలో క్లౌన్ ఫిష్ ఇరవై ఏళ్లు దాటిన సందర్భాలు ఉన్నాయి. అంటే పదేళ్ల పిల్లవాడి ముచ్చట కోసం తెచ్చిన చేప అతడు చదువుకు ఊరు విడిచి వెళ్లాక, గని ఉద్యోగి అయిన తండ్రి మణుగూరుకో రామగుండానికో బదిలీ అయ్యాక, ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేసి సొంత ఊరు చేరాక కూడా బతికే ఉండవచ్చు. ఆ కాలమంతా దాన్ని ఎవరు చూస్తారో, బదిలీ రోజున 160 లీటర్ల తొట్టి ఎలా తరలుతుందో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మే నెలలో తొట్టి నీటిని 28 డిగ్రీల దగ్గర నిలిపే ఏర్పాటు, ఇరవై ఏళ్ల పాటు చూసే మనిషి, ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆ ఇంటివారు ఈ చేపను కొనవద్దు.